జొన్నకూడు, వరియన్నము

మొన్నటి కార్తికమాసమున మా యన్నగారికి ఎడమకాలి వ్రేళ్ళు రెండు తీసివేసిరి. క్రొత్త చెప్పు కఱచి చిన్న పుండు పడెను. మూడు వారములైనను అది మానలేదు. నొప్పి లేదు గదా యని ఆయన పసుపు రాచి ఊరకుండెను. తుదకు నంద్యాలకు కొనిపోగా అచ్చటి వైద్యుడు రక్తము పరీక్షించి, "ఇది మధుమేహము. చాల యేండ్లనుండి లోపల నున్నది. కాలికి స్పర్శ పోయినందుననే నొప్పి తెలియలేదు" అని చెప్పెను. మా యన్నగారు నమ్మలేదు. "నేను పంచదార ముట్టనే! కాఫీ త్రాగనే! మూడుపూటలు అన్నము తప్ప వేఱొకటి యెఱుగనే! నాకీ చక్కెరవ్యాధి యెట్లు వచ్చెనయ్యా?" అని అడిగెను.

వైద్యునకు తీరిక లేదు కాబోలు, జవాబు చెప్పలేదు. ఆ జవాబు వెదకుటకే నేనీ ప్రసంగమునకు పూనుకొంటిని. నేను వైద్యుడను కాను. బడిలో చరిత్ర చెప్పి విరమించినవాడను. కావున మందుల మాట నాది కాదు. మన కంచములోనికి ఏ గింజ యెప్పుడు వచ్చెనో, ఏది యెప్పుడు పోయెనో, వానివెంట ఏ రోగము నడచెనో, అంతవఱకే చెప్పుదును.

నల్లమల పడమటి యంచున నున్న మా ఆత్మకూరు ప్రాంతము తరతరములుగా జొన్నదేశము. నల్లరేగడిలో వానతడి ఇంకిన పిమ్మట మఱల చినుకు పడకున్నను జొన్న పండును. మా చిన్ననాట ఇండ్ల ముంగిట జొన్నపాతర లుండెడివి. పాతర తెఱచిన వెంటనే అందులోనికి దిగరాదు. ముందు దీపము దింపి, అది ఆరిపోకున్ననే మనుష్యుడు దిగవలెను. ప్రొద్దున జొన్నరొట్టెయు ఎఱ్ఱకారమును, మధ్యాహ్నము సంగటియు గోంగూరయు, నడుమ మజ్జిగ. కొఱ్ఱన్నము, సజ్జరొట్టె, రాగిసంగటి అప్పుడప్పుడు వచ్చుచుండెను. జొన్నసాళ్ళ నడుమ కంది, పెసర, అనుము, అలసంద వేయుట వాడుక గనుక, చేనులో కలసి పెరిగినవి కుండలోను కలసియే యుడికెడివి. వరియన్నము పండుగనాడు, పెండ్లినాడు, జబ్బుపడి లేచిననాడు. పేర్లలోనే గౌరవభేదము కలదు చూడుడు: జొన్న వండిన కూడు, వరి వండిన అన్నము! పదునైదవ శతాబ్దమున శ్రీనాథుడంతటివాడు పల్నాటి జొన్నకూటిని ఈసడించెనని ఆయన పేర నున్న చాటువులు చెప్పుచున్నవి. ఆ ఈసడింపు మనలను నేటికిని వదలలేదు.

ఇంతవఱకు విని, "ఆ తిండి తినినంతకాలము మనకు రోగములే లేవు" అని తల యూపువారు మీలో నుందురు. మా యన్నగారును అట్లే యనును. నాకది సమ్మతము కాదు. నాటివారు రోగములు లేక బ్రదికినవారు కారు. వారి రోగములు వేఱు. తెలియక వాటికి పేరు పెట్టలేదు. ఈ సంగతి తెలియుటకు ముందుగా కోస్తాదేశమునకు పోవలెను. తిండిలోని లోపమునకును దీర్ఘవ్యాధికిని గల లంకె తెలుగునేలమీద మొదట అచ్చటనే స్పష్టముగా కనబడెను.

ఉత్తర సర్కారులలో వరియే ముఖ్యాహారము. అచ్చట కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తప్పి, ఒడలు ఉబ్బి, గుండె నీరసించి మనుష్యులు చచ్చెడి వ్యాధి యొకటి యుండెను. దానిని బెరిబెరి యందురు. మాల్కంసన్ అను దొరతనపు వైద్యుడు సర్కారులలోని సిపాయీల యందు దానిని చూచి, 1835లో మద్రాసున ఒక గ్రంథమే ప్రకటించెను. కారణము మాత్రము ఆయనకు చిక్కలేదు. గాలి యనిరి, చెమ్మ యనిరి, విషమనిరి. అటుపిమ్మట 1890 ప్రాంతమున జావాద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుని కోళ్ళు ఈ రహస్యమును బయటపెట్టెను. ఆసుపత్రిలో మిగిలిన తెల్లని అన్నము తిన్నంతకాలము ఆ కోళ్ళ కాళ్ళు పడిపోయెను. క్రొత్తగా వచ్చిన వంటవాడు, సైనికుల బియ్యము కోళ్ళకేల యని మానిపి ముతక బియ్యము వేయించగా అవి లేచి తిరిగెను! ఒక వంటవాని పిసినారితనము లోకమునకెంత మేలు చేసెనో! ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానము వచ్చెను; ఆ వంటవానికేమియు రాలేదు.

రహస్యము తవుటిలో నున్నది. మన యాడువారు రోకట దంచిన బియ్యమునకు తవుడు కొంత అంటియుండును. అందులో బి-1 అను విటమి నున్నది. మఱబట్టి తెల్లగా చేసిన పచ్చిబియ్యమున అది పోవును. మిగిలిన కొంచెము కూడ నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చి పాఱబోయుదురు. అఱవదేశమువారు ధాన్యమును ఉడికించి ఎండబెట్టి దంచిన ఉప్పుడుబియ్యము తినుచుండుటచే, ఆ సారము గింజలోనికింకి వారికి రక్షణ కలిగెను. కూనూరులో 1918న ఒక గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టిన మెకారిసన్ దొర, నారిస్ అను మఱొకరితో కూడి 1924లో ఈ సంగతులను విశదముగా ప్రకటించెను.

ఆ మెకారిసనే మఱొక విచిత్రము చేసెను. ఎలుకలను గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపునకు మన దేశములోని ఒక్కొక్క ప్రాంతపువారి తిండి పెట్టెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు గల సిక్కుల తిండి తినిన ఎలుకలు సగటున 235 గ్రాములు తూగెను. మద్రాసువారి వరియన్నపు తిండి తినినవి 155 గ్రాములే! ఆ కాలమున మద్రాసువారనగా మనమును అందులోనివారమే. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర తార్నాకలో వెలయుచున్నది.

ఇంక మన జొన్నదేశపు మాట. పెల్లాగ్రా అను వ్యాధి యొకటి కలదు. ఎండ తగులు చోట్ల, అనగా మెడచుట్టు, ముంజేతులమీద, పాదములమీద చర్మము నల్లబడి పొలుసులూడును; నాలుక ఎఱ్ఱగా పుండగును; విరేచనములు పట్టుకొనును; ముదిరినచో మతి చలించును. అమెరికా దక్షిణభాగమున మొక్కజొన్నయే గతియైన పేదలలో వేలకొలది యీ వ్యాధిచే చచ్చిరి. అంటువ్యాధి యని అందఱును నమ్మియుండగా గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు అది తిండిలోని కొఱత వలన కలుగునదియే యని తేల్చెను. అంటదని చూపుటకు ఆయన రోగుల మలినములను తానే మ్రింగి చూపెనట. ఆ కొఱత నికోటినిక్ ఆమ్లమను విటమిను కొఱత యని 1937లో తెలిసెను.

అదే వ్యాధి దక్కనులోని పేద జొన్నకూటివారి యందును కనబడెను. హైదరాబాదున గోపాలన్, శ్రీకంఠయ్య అను పరిశోధకులు 1960లో, జొన్నలో ల్యూసీన్ అను పదార్థ మధికముగా నుండుటయే అందుకు కారణమని ప్రకటించిరి. ఆ కారణముపై తరువాత పండితులలో వాదము నడచినది. అది యెట్లున్నను, జొన్న తప్ప వేఱేమియు దొరకని కూలివాని యింటనే ఆ వ్యాధి యుండెనుగాని, అదే జొన్నను పప్పు, పాలు, ఆకుకూరలతో తినిన కాపువాని యింట లేదన్నమాట గుఱుతుంచుకొనవలెను. వరియు గోధుమయు చేరి పేదవాని తిండి కొంత మాఱిన తరువాత పెల్లాగ్రా అరుదైపోయెను.

చూచితిరా? కోస్తాలో వరి దోషియయ్యెను, ఇచ్చట జొన్న దోషియయ్యెను. రెండు చోట్లను జరిగినది ఒక్కటే: కంచము ఇఱుకై ఒక్క గింజకు దిగెను. నా యెఱిగినంతవఱకు మన తిండి చరిత్రలోని రోగములకెల్ల ఇదియే మూలసూత్రము.

ఇప్పుడు వరి మా దేశమునకెట్లు వచ్చెనో చెప్పవలెను. తుంగభద్రమీద సుంకేసుల కడ ఆనకట్ట కట్టి, కర్నూలునుండి కడపకు కాలువ త్రవ్వించిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు, నీరు పాఱిన వెంటనే రైతులు ఎగబడుదురనుకొనిరి. రైతులు ఎగబడలేదు. నల్లరేగడిలో నీరు లేకయే జొన్న పండుచుండగా పన్ను చెల్లించి నీరేల యనిరి. కంపెనీ నష్టపడి, 1882లో కాలువను దొరతనమువారికి విడిచిపెట్టెను. నంద్యాలలో 1906న నెలకొల్పిన వ్యవసాయ క్షేత్రమునందు జొన్న, కొఱ్ఱ, ప్రత్తి వీనిమీదనే యెక్కువ శ్రద్ధ చూపిరి. అనగా నిరువదవ శతాబ్దము చాలవఱకు మనది జొన్నదేశముగనే యుండెను.

మార్పు ఒక్క తరములో జరిగెను. తెలుగుగంగ వచ్చెను, వెలుగోడు జలాశయము వచ్చెను, కొత్త మాగాణి పెరిగెను. 1983లో రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్య మిచ్చు పథకము పెట్టెను. ఆ బియ్యమును తేలికగా నిందించువారిలో నేను చేరను. మా వీధిలో పస్తుపడుకొను పిల్లలను చూచినవాడను. ఆ బియ్యము వచ్చిన తరువాత అట్టివారిని చూడలేదు. కాని దానివెంట ఊహింపని పని యొకటి జరిగెను. కూడు తినువాడు అన్నము తినువాడాయెను; ఆ గౌరవము ఒకసారి దొరకిన పిమ్మట ఎవడును మఱల జొన్నవైపు చూడలేదు. రొట్టె తట్టు విద్య కోడండ్రకు రాలేదు. 1990ల తరువాత రేగడిలో జొన్న స్థానమున శనగ వచ్చెను. ఇందొక వింత యున్నది. శనగ మంచి మాంసకృత్తులు గల పప్పు. మనమే పండింతుము, బస్తాలకెత్తి అమ్ముదుము, మన కంచములో మాత్రము రెండు మెతుకుల పప్పు, గుట్టెడు అన్నము!

ఆ గుట్టెడు అన్నమే మా యన్నగారి ప్రశ్నకు జవాబు. బియ్యములోని పిండిపదార్థ మంతయు కడుపులో కరిగి చక్కెరయే యగును. పంచదార చెంచాతో రాకపోయినను గరిటెతో వచ్చుచున్నది. పాలిషు పట్టిన బియ్యము వరిగడ్డి మంటవంటిది, భగ్గున లేచును. పొట్టు, పీచు గల గింజ తుమ్మమొద్దువలె మెల్లగా కాలును. రక్తములో లేచిన చక్కెరను కండలలోనికి నెట్టుటకు క్లోమము ఇన్సులిను స్రవింపజేయును. కండలు పనిచేయుచున్నంతకాలము ఆ చక్కెర ఖర్చగును. మా యన్నగారు నాగలి పట్టినన్నాళ్ళు చెల్లుబాటయ్యెను. ట్రాక్టరు వచ్చినది, ఆయన అరుగెక్కి కూర్చుండెను. అన్నపు గుట్ట మాత్రము తగ్గలేదు. పది పదునైదేండ్లు క్లోమము మూగగా ఓర్చుకొనెను. అంతలో నరములు, సన్ననాళములు చెడిపోయెను.

ఇది మా యింటి కథ మాత్రమే కాదు. 2023లో ప్రకటించిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము భారతదేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడిరి. ఆ పరిశోధకులే 2025లో మన తిండిని లెక్కించి, మన శక్తిలో నూటికి 62 వంతులు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని చెప్పిరి. వారు చెప్పిన మఱొక మాట మన జొన్నాభిమానులు చెవియొగ్గి వినవలెను: పిండిపదార్థపు మొత్తము తగ్గింపక, వరి తీసి అంతే కొలది చిరుధాన్యము పెట్టినంతమాత్రమున వ్యాధి భయము తగ్గలేదట. కొంత పిండిపదార్థము తీసి ఆ చోట పప్పు, పాలు, గ్రుడ్లు, చేపలవంటివి చేర్చినచోట మేలు కనబడెనట. జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూత్రములలోను, గింజధాన్యములనుండి వచ్చు శక్తి నూటికి 45 వంతులకు మించరాదని యున్నది.

కావున జొన్నరొట్టె మందు కాదు. "షుగరున్నది, జొన్నరొట్టెలు తినుచున్నాను" అని ఆఱు రొట్టెలు తినువారిని నేనెఱుగుదును. రెండు రొట్టెలు తిని, మిగిలిన ఆకలిని పప్పు, ఆకుకూర, మజ్జిగలతో తీర్చుకొనిననే అది జొన్నరొట్టె. మన పూర్వుల మేలంతయు జొన్నలో లేదు. జొన్నసాళ్ళ నడుమ నున్న అనుములు, అలసందలలోను, ఎడతెగని కాయకష్టములోను ఉండెను.

ఆ కాయకష్టము మాట సుశ్రుతాచార్యులు ఏనాడో చెప్పిరి. ప్రమేహరోగులకు యవలు, ఆరికెలవంటి ధాన్యములు హితమని చెప్పి, దిక్కులేని పేదరోగి చెప్పులు, గొడుగు లేక, భిక్షాన్నము తినుచు, నూఱు యోజనములు నడువవలెనని విధించిరి. చెప్పులు లేక యన్న భాగమును మాత్రము నేటి వైద్యులొప్పుకొనరు. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు గనుక, మధుమేహి ఇంటిలో సైతము చెప్పు విడువరాదట.

ఉప్పు సంగతియు ఒకమాట. మన ఊరగాయలు, ఎఱ్ఱకారము, వడియములు ఎండలో చెమట ధారలు కట్టి పనిచేసినవారికి అమరినవి. ఒక మనిషికి దినమునకు ఉప్పు 5 గ్రాములు, అనగా చిన్నచెంచాడు, మించరాదని నేటి లెక్క. అరుగుమీద కూర్చుండి అదే ఆవకాయ తినువానికి రక్తపుపోటు రాక తప్పునా?

ఇంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి మిగిలియున్నది. అది మన వయస్సువారిది కాదు, ఇంకను పుట్టనివారిది.

1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కఱవు మన జిల్లాను తుడిచిపెట్టెను. 1871, 1881 జనసంఖ్యల నడుమ కర్నూలు జిల్లాలో సుమారు నాలుగవ వంతు జనము తగ్గిపోయిరి. ఆ కఱవుపనులలో, ఖర్చు తగ్గించుటకై టెంపుల్ దొర దినమునకు ఒక పౌను గింజ లెక్కన కూలి నిర్ణయించెను. పౌననగా మన అరకిలోకు తక్కువ. రాళ్ళు మోయువానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ ఎదిరించి వాదించెను. తుదకు కూలి కొంత పెంచిరి. మనిషి బ్రదుకుటకు ఎంత తిండి కావలెనను వాదము మన నేలమీద ఎముకలగూళ్ళ నడుమ జరిగినదన్నమాట.

ధాత కఱవే నేటి మధుమేహమునకు కారణమని నేననను. కాని కఱవు కడుపులోని బిడ్డనుగూడ తాకునని తరువాత ఐరోపాలో ఋజువైనది. 1944-45 చలికాలమున హాలెండులో జర్మనులు తిండి రానీయనందున ఘోరమైన కఱవు వచ్చెను. అప్పుడు తల్లికడుపున నున్నవారు యాబదియేండ్ల వారైన పిమ్మట పరీక్షింపగా, వారి రక్తములో చక్కెర అదుపు ఇతరులకన్న తక్కువయై యుండెను. కడుపులో కొఱతకు అలవాటుపడిన దేహము, పెద్దయైన తరువాత వచ్చిన సమృద్ధిని భరింపలేదు.

మన దగ్గఱ దీనికి అనుకూలమైన సాక్ష్య మొకటి కలదు. హైదరాబాదు సమీపమున కొన్ని పల్లెలలో 1987 మొదలు 1990 వఱకు గర్భిణులకును చిన్నపిల్లలకును దినదినము అదనపు ఆహారము పెట్టిరి. ప్రక్కనున్న కొన్ని పల్లెలలో ఆ యేర్పాటు అప్పటికింకను రాలేదు. ఆ పిల్లలు 13 మొదలు 18 ఏండ్ల వారైనప్పుడు పరిశోధకులు మఱల వెదకి పరీక్షించిరి. 2008లో ఫలితము ప్రకటించిరి. ఆహారము పొందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. అది యల్పమే. కాని వారి దేహములలో ఇన్సులిను మెఱుగుగా పనిచేయుచుండెను. వారి రక్తనాళములు మెత్తగా నుండెను. దినమున కొక గిన్నెడు ఉప్మావంటి తిండి! నలువదియేండ్లకు రాదగిన వ్యాధికి అడ్డు, పుట్టకమునుపే మొదలయ్యెను.

పెద్దలారా, మన యిండ్లలో కడపట భోజనము చేయువారెవరు? మగవారు తినిరి, పిల్లలు తినిరి. అడుగున మిగిలిన చల్లని అన్నము, పులుసునీళ్ళు కోడలి కంచములోనికి వచ్చును. ఆమె గర్భిణియైనను అంతే. మా యింటను అంతే జరిగినది. మా తల్లి నాకు తెలిసి ఎన్నడును పప్పు నిండుగా వేసికొని తినలేదు. ఆ తల్లి కన్నవారమే మా యన్నగారును నేనును. ఇందులో ఎవరి తప్పును లెక్కించుట లేదు. అయినను మా యన్నగారి మనుమని భార్య ఇప్పుడు అయిదవ నెల గర్భవతి. ఈ సంగతులు చదివిన తరువాత నేను అన్నగారితో, ఆమె మనకన్న ముందు తినవలెను, ఆమె కంచములో పప్పును గ్రుడ్డును ఉండవలెను అంటిని. ఆయన మూడు దినములు నాతో మాటలాడలేదు. నాలుగవనాడు తానే, "అమ్మాయి తినినదా?" యని వంటయింటివైపు కేక వేసెను.

ఆయన కంచమును మాఱినది. సగము కూరయు పప్పును, మిగిలిన సగములో రొట్టెయో అన్నమో ఏదో యొకటి. సణుగుచునే తినును. సాయంకాలము దీపాలవేళ మనుమడు ఆయన మిగిలిన కాలివ్రేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి, అరికాలు అద్దములో చూపి, పుండు లేదని చెప్పిన తరువాతనే ఆయన సిద్ధాపురము చెఱువు దిక్కునకు నడకకు బయలుదేఱును, చెప్పులు తొడిగికొని.